తల్లి కుర్చీలో ఎవరు కూర్చోవాలి?



బడిలో తల్లిదండ్రులకు పండుగ జరుగుతుంటే, ఆ బిడ్డ తల్లి కువైట్‌లో ఎవరి వంటింట్లోనో ఉంటే ఏమి చేయాలి? మన విడవలూరు ప్రాంతపు సంఘాలలో ఈ ప్రశ్న ఒక ఇంటిది కాదు. అందుకే ఈ నెల దీనిని గురించి రాస్తున్నాను.

ఒకప్పుడు తల్లిదండ్రులను బడికి పిలిచారంటే పిల్లవాడు ఏదో తప్పు చేశాడనే అర్థం. ఇప్పుడు ఆ రోజులు మారాయి. 2024 డిసెంబరు 7న మన రాష్ట్రంలోని ప్రభుత్వ బడులన్నిటిలో ఒకే రోజు తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశం జరిగింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు ఆ రోజు బాపట్ల మునిసిపల్ ఉన్నత పాఠశాలకు వెళ్లారు. 2025 జూలై 10న రెండవసారి, అదే ఏడు డిసెంబరు 5న మూడవసారి జరిగాయి. తల్లులకు ముగ్గులు, ఆటలు, చేతికి ప్రోగ్రెస్ కార్డు, పిల్లలతో కలిసి మధ్యాహ్న భోజనం. కూలికి పోయే తల్లిని టీచరమ్మ "రండమ్మా, కూర్చోండి" అని కుర్చీ చూపించి పిలవడం చిన్న సంగతి కాదు. మంచి పనే. అయితే ఆ కుర్చీ ఖాళీగా ఉన్న బిడ్డకు ఆ రోజు చాలా పొడుగ్గా ఉంటుంది.

మా సంఘంలో ఏడవ తరగతి చదివే ఒక ఆడబిడ్డ ఉంది. తల్లి కువైట్ వెళ్లి మూడేళ్లు దాటింది. సమావేశం నాడు అవ్వ రొయ్యల గుంటల పని మానుకుని, పెట్టెలోని చీర కట్టుకుని బయలుదేరింది. "నువ్వు రావద్దవ్వా. మీ అమ్మ ఏదీ అని అందరూ అడుగుతారు" అని ఆ బిడ్డ ఏడ్చింది. అవ్వ విననట్టే నడిచింది.

బడి దగ్గర పది గంటలకు మేనత్త ఫోను కలిపింది. మనకు పది అయితే కువైట్‌లో ఏడున్నర. ఆ వేళకు ఆమె ఆ ఇంటి పిల్లలకు తల దువ్వి, టిఫిను పెడుతూ ఉంటుంది. మెట్ల మీదికి వచ్చి, గొంతు తగ్గించి మాట్లాడింది. బిడ్డ ఫోను తీసుకోలేదు. టీచరమ్మే తీసుకుని మార్కులు ఒక్కొక్కటీ చదివి వినిపించింది. అంతా విని తల్లి అడిగినది మార్కుల సంగతి కాదు. "బిడ్డ ఎంత ఎత్తు అయిందమ్మా? గౌను పంపాలి, కొలత తెలియడం లేదు" అంది. అప్పుడు ఆ పిల్ల వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది, కొలవమన్నట్టు.

హన్నా సమూయేలును షిలోహులో విడిచి వచ్చిన తరువాత ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసుకువెళ్లేదని మనమందరం ఎరుగుదుము. ఏడాది పాటు చూడని బిడ్డకు కొలత ఎట్లా కుదిరేదో గ్రంథంలో లేదు. ఆ సంగతి ఈ తల్లులను అడగాలి.

పిల్లలను వదిలి డబ్బు కోసం పోయారని వీరిని తేలికగా అనేవారున్నారు. నేను ఒప్పుకోను. అప్పు తీరాలి, కప్పు పడాలి, ఆడబిడ్డ పెళ్లి జరగాలి అని ఇంటిల్లిపాదీ కూర్చుని అనుకున్న తరువాతే ఆమె విమానం ఎక్కింది. ఇంకొక మాట. పదవ తరగతి పాసు కాని స్త్రీ ఇంటి పనికి గల్ఫుకు వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలని మన ప్రభుత్వ నిబంధన. ఆమె క్షేమం కోసమే పెట్టారు. కాని మన ఊళ్లలో 30 నిండిన స్త్రీకి బడి ఈడు పిల్లలుంటారు. కాబట్టి వెళ్లేవారిలో చాలామంది బడి పిల్లల తల్లులే.

ఇక తండ్రుల మాట. తండ్రి ఊరిలోనే ఉండి, రచ్చబండ దగ్గర కాలక్షేపం చేస్తూ, ముసలి తల్లిని బడికి పంపడం నేను చూస్తున్నాను. అయ్యా, ఆ కుర్చీ మీది కూడా. తండ్రి కూడా లేని చోట అవ్వలు వెనుక నిలబడవలసిన పని లేదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడుల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, సగం మంది స్త్రీలు ఉండాలి. సంరక్షకులు అనే మాటలో అవ్వ ఉంది. ముందు వరుసలో కూర్చోండి.

ఫోను విషయంలో ఒక జాగ్రత్త. వెనుకటి రోజులలో కేసెట్లో మాటలు రికార్డు చేసి, వచ్చే వారి చేత పంపేవారు. ఇప్పుడు ముఖమే కనబడుతుంది, సంతోషం. కాని పదిమందిలో బిడ్డ చేతికి ఫోను ఇచ్చి, ఏడిపించి, దానిని ఇంకొకరు వీడియో తీసి స్టేటసులో పెట్టడం క్రూరత్వం. పక్క గదిలోకి వెళ్లి మాట్లాడనివ్వండి. మాట్లాడనంటే ఊరుకోండి.

కువైట్‌లో 2015లో వచ్చిన 68వ చట్టం ఇంటి పనివారికి వారానికి ఒక రోజు విశ్రాంతి, ఏడాదికి నెల రోజుల జీతంతో సెలవు ఇవ్వాలంటుంది. చట్టంలో ఉన్నదంతా వంటింటి దాకా వస్తుందని నేను అనను. 2025 డిసెంబరు 5 శుక్రవారం, అక్కడ సెలవు రోజు. ఆ రోజున చుట్టాలు వస్తారు గనుక వంటమనిషికి పని రెట్టింపు. అయినా సెలవు దొరికినప్పుడు పెళ్లికీ, కొత్త ఇంటికీ లెక్క చూసుకునే మనం, బడి తెరిచి ఉన్న రోజులకు కూడా చూసుకోవచ్చును. సమావేశమే ఉండనక్కరలేదు. మామూలు మంగళవారం నాడు బిడ్డ చేయి పట్టుకుని గేటు దాకా వెళ్లినా చాలు.

మా సంఘంలో సమావేశం తేదీ తెలియగానే ఆదివారం ఆరాధన అయిన తరువాత పేర్లు రాసుకుంటున్నాము. పెద్ద ఫోను లేని అవ్వలతో యౌవనస్థులలో ఒకరు బడికి వెళతారు. క్లాసు టీచరుకు ముందు రోజే చెప్పి, ఆ బిడ్డ వంతు ఎన్ని గంటలకో తెలుసుకుంటారు. తల్లికి మాత్రం వారం ముందే కబురు చేస్తాము. యజమానురాలిని పది నిమిషాలు అడగడానికి ఆమెకు మంచి సమయం చూసుకోవలసి ఉంటుంది.