పెంచడమంటే తెలుసుకోవడం

మన సామెతలలో పిల్లికి దొరికిన చోటు మన శ్రద్ధలో దొరకలేదు. కళ్ళు మూసుకొని పాలు తాగేది పిల్లి. ఎలుకతో చెలగాటమాడేది పిల్లి. ఎదురైతే శకునం చెడగొట్టేదీ పిల్లే! ఇన్ని నిందలు మోస్తూనే అది మన గడప దాటి వచ్చి ఒడిలో చోటు సంపాదించుకొంది. సుమారు 10,000 సంవత్సరాల క్రితం పశ్చిమాసియాలో ధాన్యపు గాదెల వద్ద ఎలుకలను వేటాడుతూ మనిషికి చేరువైన ఈ జీవి, నేడు నగరాలలోని చిన్న చిన్న ఇళ్ళలో సైతం కుటుంబ సభ్యునిలా పెరుగుతోంది. ఇది సంతోషించదగిన విషయమే. అయితే పిల్లిని ప్రేమించేవారందరికీ పిల్లిని గురించి తెలుసునా?

నా చిన్నతనంలో మా ఇంట గోధుమవన్నె పిల్లి ఒకటి ఉండేది. ఒకనాడు అది ఆహారం ముట్టక మూలన ముడుచుకొని పడుకొంది. ఒళ్ళు వేడిగా ఉందని, మేము జ్వరానికి వేసుకొనే పారాసిటమాల్ మాత్రలో సగం పొడిచేసి దానికి తాగించాం. తెల్లవారేసరికి దాని ముఖం వాచింది, చిగుళ్ళు రంగు మారాయి, ఊపిరి బరువైంది. సాయంకాలానికి అది మాకు దక్కలేదు. ఆ మందును హానిలేని పదార్థంగా మార్చే శక్తి మన కాలేయానికి ఉన్నంతగా పిల్లి కాలేయానికి లేదని ఎన్నో ఏళ్ళ తరువాత తెలుసుకొన్నాను. మా ప్రేమలో లోపం లేదు. మా అజ్ఞానమే దాని ప్రాణం తీసింది.

ఆహారం విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతోంది. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. టారిన్ అనే పోషకాన్ని అది తనకు చాలినంత తయారుచేసుకోలేదు. అది లోపిస్తే చూపు పోతుంది; గుండె బలహీనపడుతుంది. కనుక మాంసం, చేపలు, లేదా పిల్లుల కోసమే తయారైన సమతులాహారం తప్పనిసరి. మన ఇంటి ఆచారాన్ని దానిపై రుద్ది పెరుగన్నంతో పెంచడం న్యాయం కాదు. అందుకు మనసొప్పనివారు పిల్లిని తెచ్చుకోకపోవడమే మేలు. పాలను చూసి పారిపోయిన తెనాలి రామకృష్ణుని పిల్లిని తలచుకొని నవ్వుకొంటాం గాని, ఎదిగిన పిల్లులలో చాలావాటికి పాలు అరగవు. ఉల్లి, వెల్లుల్లి వాటి రక్తకణాలను నాశనం చేస్తాయి.

పిల్లి శుభ్రతను ఎవరూ నేర్పనక్కరలేదు. దాని నాలుకపై కొక్కేల వంటి సన్నని ముళ్ళుంటాయి. వాటితో తన ఒంటిని తానే దువ్వుకొంటుంది గనుక తరచు స్నానం చేయించవలసిన పని లేదు. అయితే మింగిన వెంట్రుకలు కడుపులో ఉండకట్టవచ్చు. అందుచేత వారానికి ఒకటి రెండుసార్లు, పర్షియన్ వంటి పొడవైన బొచ్చుగల పిల్లులకు ప్రతిరోజూ, మెత్తగా దువ్వాలి. ఒంటిపై గడ్డ, పుండు, పేలు ఉన్నట్లు దువ్వే చేతికే ముందుగా తెలుస్తుంది. పిల్లి తన బాధను దాచుకొనే జీవి. అది తిండి మానినా, ఒళ్ళు నాకుకోవడం మానినా, మగపిల్లి మూత్రం రాక అవస్థపడుతున్నా ఆనాడే పశువైద్యునికి చూపాలి.

వీధిలో తిరిగి బతికే పిల్లికి ఇన్ని హంగులెందుకని కొందరంటారు. వీధిపిల్లులలో ఎన్ని పిల్లదశలోనే రోగాలపాలై, వాహనాల కింద పడి రాలిపోతున్నాయో వారు గమనించరు. పైగా ఇంటికి తెచ్చిన క్షణం నుండి దాని మంచిచెడ్డలు మనవే. ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో టీకాలు మొదలుపెట్టాలి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేయించాలి. సంతానం కలగకుండా శస్త్రచికిత్స చేయించడం నిర్దయ కాదు. ఆడపిల్లి తొమ్మిది వారాలకే ఈనుతుంది. పిల్లలను భద్రత కోసం ఏడిళ్ళు తిప్పే ఆ తల్లి నుండి వాటిని వేరుచేసి, సంచిలో వేసి, ఊరి చివర వదిలి రావడమే అసలైన నిర్దయ.

ప్రాణులపై దయ కలిగి ఉండడం పౌరుల ప్రాథమిక విధి అని మన రాజ్యాంగం 51-ఎ అధికరణంలో చెబుతోంది. ఆ దయ తల నిమరడంతో ముగియరాదు. మన ఇంటి పిల్లికి ఏది ఆహారమో, ఏది విషమో తెలుసుకోవడంతోనే అది మొదలవుతుంది. ఆనాడు మాత్రను పొడిచేసే ముందు మాలో ఒక్కరు పశువైద్యుని అడిగి ఉంటే మా పిల్లి బతికేదేమో! మీరు మాత్రం అడగడం మరువకండి.