ఎండకు వల వేసే వెండి

పిల్లలూ, ఎండాకాలం మధ్యాహ్నం జఫర్‌గఢ్ గుట్టమీది బండపై ఎప్పుడైనా కాలు పెట్టారా? పెడితే చుర్రుమంటుంది! అంత ఎండా ఊరికే పోతున్నది. ఆ ఎండతో నీళ్లను విడగొట్టి, మండే వాయువు తీయగలిగితే ఎలా ఉంటుంది?

ఇది కట్టుకథ కాదు. నీటిలో ఉదజని, ప్రాణవాయువు కలిసి ఉన్నాయి. ఉదజని మండితే పొగ రాదు, తిరిగి నీరే అవుతుంది. 1972లో జపాను దేశంలో హోండా అనే ఆచార్యుడూ, ఆయన శిష్యుడు ఫుజిషిమా కలిసి ఒక ప్రయోగం ప్రకటించారు. టైటానియం ఆక్సైడు పలకను నీటిలో పెట్టి, తీగతో ప్లాటినానికి కలిపి, దానిమీద బలమైన వెలుతురు వేశారు. పలక దగ్గర ప్రాణవాయువు బుడగలు, ప్లాటినం దగ్గర ఉదజని బుడగలు వచ్చాయి!

టైటానియం ఆక్సైడు అంటే ఏదో వింత వస్తువనుకునేరు. గోడలకు పూసే తెల్లరంగులో ఉండేది అదే. దాని ఖనిజం భీమునిపట్నం సముద్రపు ఇసుకలో నల్లటి రేణువులుగా దొరుకుతుంది.

అయితే, ఆ తెలుపే దానికి చిక్కు తెచ్చిపెట్టింది. తెల్లగా ఉన్నదంటే, కంటికి కనిపించే వెలుతురునంతా వెనక్కి తిప్పికొడుతున్నదన్నమాట. అది పట్టుకునేది కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలనే. ఎండలో అవి నూటికి నాలుగైదు పాళ్లే!

ఇక్కడే వెండి అక్కరకు వస్తుంది. వెండి లవణాలనుంచి, తలవెంట్రుక మందంలో కొన్ని వేలవ వంతు ఉండే రజను తయారు చేస్తారు. ఆ రజను కలిసిన నీరు తెల్లగా కాక, పసుప్పచ్చగా ఉంటుంది. ఎందుకంటారా? వెలుతురు తగలగానే వెండి రేణువులోని ఎలక్ట్రానులన్నీ ఒక్కసారిగా ఉయ్యాల ఊగి, నీలి వెలుతురును మింగేస్తాయి. ఆ రజనును ఆక్సైడుమీద అద్దితే, మింగిన శక్తిలో కొంత దానికి అందిస్తాయి. అంటే తనంతట తాను పట్టలేని వెలుతురు కూడా ఆక్సైడుకు పనికివస్తుందన్నమాట.

మరి ఈ యంత్రం మన ఇళ్లకు ఎందుకు రాలేదు? మీ నాయనమ్మ వెండి కడియాలు చూడండి. కొన్నాళ్లకు నల్లబడతాయి. గాలిలోని గంధకపు వాయువులు చేసే పని అది. కడియమైతే తోమితే మళ్లీ మెరుస్తుంది, రజనును తోమేదెలా? పైగా నీటిలో అది కొంచెం కొంచెంగా కరిగిపోతుంది కూడా. అందుకని రేణువుచుట్టూ మరొక ఆక్సైడు పొర కప్పుతారు. పొర మందమైతే ఎలక్ట్రానులు దాటలేవు. మరీ పలచనైతే వెండి నిలవదు. ఆ సరిపాళ్ల కోసమే ఇప్పటికీ ప్రయోగశాలల్లో తంటాలు పడుతున్నారు.