వంటింటి విజ్ఞానం: కుంపటిలో బంగాళాదుంప

ఖిదిర్‌పూర్‌కు బదిలీపై వచ్చిన తొలి శీతకాలంలోనే మేము ‘ఆలూ పోడా’ రుచి ఎరిగాము. నిప్పులలో కాల్చిన బంగాళాదుంపను ఆవనూనె, పచ్చిమిరప, ఉప్పు చేర్చి మెదపడమే అది. మన కాల్చిన వంకాయ పచ్చడికి దగ్గరి చుట్టం. పొరుగున ఉన్న మటియాబుర్జుకు 1856లో తరలివచ్చిన వాజిద్ అలీ షా వంటశాలలోనే బిర్యానీలో దుంప చేరిందని ఇక్కడివారు చెప్పుకొంటారు.

దుంపలో ఐదింట నాలుగు వంతులు నీరే. ఆ నీరున్నంతవరకు లోపలి వేడి 100 డిగ్రీలు దాటదు. కనుక మంట అనవసరం, ఓపిక అవసరం. కర్రబొగ్గుపై బూడిద పట్టిన పిదప, అక్కడక్కడ పొడిచిన దుంపలను కుంపటి అంచున పేర్చి, ఇనుప మూత వేసి, నడుమ తిప్పుతూ గంటసేపు ఉంచాలి. పొగ వాసన చక్కగా పడుతుంది. రాతిబొగ్గు మాత్రం పనికిరాదు.

ఒక జనవరి రాత్రి చలికి తాళలేక కుంపటిని గదిలోకి తెచ్చి తలుపులు మూశాము. కొంతసేపటికి మా శ్రీమతి తలనొప్పి అన్నారు. అబ్బాయికి వాంతి అయింది. పాతికేళ్ళు బాయిలర్ల నడుమ గడిపిన మాకు అది అజీర్తిగా తోచడం సిగ్గుచేటు! కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. ఆక్సిజన్ కంటె 200 రెట్లకు పైగా గట్టిగా రక్తాన్ని పట్టుకొంటుంది. కిటికీలన్నీ తెరచి, అందరమూ డాబా మీదికి చేరి, తెల్లవారేదాకా చలిలోనే కూర్చున్నాము.

నాటినుండి కుంపటి డాబా దిగలేదు.