టార్చ్ పరీక్ష ఎవరి మేలు కోసం?

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల గ్రామాలలో గర్భస్రావమైన స్త్రీల చేతిలో తరచుగా ఒక కాగితం కనిపిస్తుంది. అది టార్చ్ పరీక్ష రిపోర్టు. అందులో టాక్సోప్లాస్మా ఐజీజీ ఎదురుగా 'పాజిటివ్' అని ఉంటే చాలు, ఆ ఇంట విచారణ ప్రారంభమవుతుంది. పిల్లిని ఎవరు చేరదీశారు, కోడలు పుట్టింటి నుంచి ఏ జబ్బు తెచ్చింది అని అడుగుతారు. ఆ తరువాత నెలల తరబడి స్పైరామైసిన్ మాత్రలు. ఇది అశాస్త్రీయమని, పేదల సొమ్ము వృథా చేయటమేనని స్పష్టంగా చెప్పదలచుకున్నాను.

ఐజీజీ ఉన్నదంటే ఆ పరాన్నజీవి ఎప్పుడో ఒకప్పుడు శరీరంలో ప్రవేశించిందని మాత్రమే అర్థం. 2014లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనంలో ప్రసవ వయసు స్త్రీలలో సుమారు 22 శాతం మందికి ఐజీజీ ఉన్నట్లు తేలింది. దక్షిణాదిన ఇంకా ఎక్కువ. ఇంతమందీ రోగులేనా? కానే కాదు. రోగనిరోధక శక్తి బాగున్న స్త్రీకి గర్భానికి చాలా ముందే సోకి ఉంటే, కడుపులోని బిడ్డకు అది దాదాపు రక్షణ. పదేపదే జరిగే గర్భస్రావాలకు ఈ పాత సోకుడు కారణం కాదు. అటువంటి వారికి టార్చ్ పరీక్ష నిరుపయోగమని బ్రిటన్ ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ మార్గదర్శకాలు ఎప్పుడో చెప్పాయి. మన ల్యాబులకు ఆ మాట ఇంకా చేరలేదు కాబోలు!

ఐజీఎం పాజిటివ్ వచ్చినా తొందరపడరాదు. అది నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏడాదికి పైగా రక్తంలో నిలిచి ఉంటుంది. గర్భం తొలి నెలలలో ఎవిడిటీ పరీక్ష చేయించండి. ఎవిడిటీ అధికంగా ఉంటే, సోకింది గర్భానికి ముందేనని ధైర్యంగా చెప్పవచ్చు. ఈ పరీక్ష లేకుండా మందులు మొదలుపెట్టే వైద్యుణ్ణి, గర్భం తీయించుకోమనే వైద్యుణ్ణి కారణం అడిగే హక్కు మీకుంది.

అలాగని ఈ వ్యాధిని తేలిక చేయటం లేదు. గర్భిణిగా ఉండగా మొదటిసారి సోకితేనే అసలు ప్రమాదం. తొలి మూడు నెలలలో అది బిడ్డకు చేరే అవకాశం తక్కువ, చేరితే హాని తీవ్రం: మెదడులో నీరు చేరటం, కంటిపొర దెబ్బతినటం. చివరి నెలలలో చేరే అవకాశం ఎక్కువ, కాని పుట్టిన బిడ్డ ఆరోగ్యంగానే కనిపిస్తుంది. ఆ కంటి మచ్చ పదేళ్ళకో, ఇరవయ్యేళ్ళకో బయటపడుతుంది. ఫ్రాన్సులో రోగనిరోధకత లేని గర్భిణులకు ప్రతి నెలా పరీక్ష చేస్తారు. మనవారు ఒక్కసారి చేసి, అదీ గర్భం పోయిన తరువాత చేసి, దానికి శాస్త్రీయమన్న పేరు పెడుతున్నారు.

ఆ డబ్బుకు బదులు నాలుగు మాటలు చెబితే ఎంతో మేలు. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చే గర్భిణులతో ఈ సంగతి మాట్లాడేవారెవరు? పండుగకు యాటను కోసినప్పుడు పచ్చి మాంసం తాకిన చేతులను, కత్తిని సబ్బుతో కడగాలి. ఉప్పు సరిపోయిందో లేదోనని ఉడకని కీమాను నాలుకపై వేసుకోరాదు. పెరుగు పచ్చడిలో వేసే కొత్తిమీర, కీరా మట్టి పోయేలా కడగాలి. నీరు కాచి తాగటం మంచిది. 2004లో కోయంబత్తూరులో ఈ వ్యాధి ఎందరి కళ్ళనో దెబ్బతీసినప్పుడు అనుమానం తాగునీటి మీదికే వెళ్ళింది. పిల్లిని తరిమేయనక్కరలేదు. దాని మలాన్ని ఇంట్లో మరొకరు ఏ రోజుకారోజు ఎత్తివేస్తే చాలు. అందులోని గుడ్లవంటి కణాలు సోకే స్థితికి రావటానికి కనీసం ఒక రోజు పడుతుంది.

ఇక శిశువు సంగతి. అప్పుడే పుట్టిన బిడ్డ రక్తంలో ఐజీజీ కనిపిస్తే బెంబేలెత్తకండి. అది తల్లి నుంచి వచ్చినదే కావచ్చు, అలాంటిదైతే ఏడాదిలోగా తొలగిపోతుంది. గర్భిణిగా ఉండగానే సోకినట్లు నిర్ధారణ అయిన తల్లి బిడ్డకు మాత్రం కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి, కంటి వైద్యుడు లోపలి పొరను చూడాలి. ఇప్పుడు బాగుందన్నా ఏటేటా మళ్ళీ చూపించండి.