ఏడాదికొక కాగితం

భద్రాచలంలో గోదావరి వంతెన దాటాక టీ బంకు దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు, దేశమంతా మన ముందు నుంచే పోతున్నట్టు ఉంటుంది. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం నుంచి ఎక్కడో ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్ దాకా సాగే 30వ నంబరు జాతీయ రహదారి అది. సిమెంటు లారీ, ఇనుము లారీ, బస్తాల లారీ. ముందు వేలాడే నిమ్మకాయా మిరపకాయలూ, వెనక పిల్లల పేర్లూ, ఓ మూల రెండంటే రెండక్షరాలు: ఎన్.పి.

చిన్నప్పుడు అవి యజమాని పేరులోని పొడి అక్షరాలనుకున్న వాళ్లం మనలో చాలామందే ఉంటాం. ఎవరో గానీ మహా శ్రీమంతుడు, ఇన్ని లారీలున్నాయి అని ముక్కున వేలేసుకున్నాం కూడా. నేషనల్ పర్మిట్ అని తెలిశాక కాస్త నిరాశ పడ్డాం.

పర్మిట్ అయిదేళ్లకు ఇస్తారు. రాష్ట్రాలు దాటడానికిచ్చే అనుమతి కాగితం మాత్రం ఏడాదికే. ఏడు తిరగ్గానే మళ్లీ రుసుము కట్టాలి, మళ్లీ కాగితం తెచ్చుకోవాలి. లారీకి ఎనిమిదేళ్లు నిండితే ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కూడా ఏటేటా చేయించాల్సిందే. బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందుకు వెళ్లే ముందు లారీకి రంగులు వేయిస్తారు, లైట్లు సరిచేస్తారు, అద్దం తుడుస్తారు. పెళ్లిచూపులకు పిల్లను ముస్తాబు చేసినట్టే ఉంటుంది ఆ హడావుడి. ఆ నాలుగు రోజులూ బండి కదలదు, కిరాయి రాదు. అయినా ఆటోనగర్ షెడ్డులో కొత్త రంగుతో మెరిసే లారీ చుట్టూ యజమాని రెండుసార్లు తిరిగి చూసుకోవడం మనం చూస్తూనే ఉంటాం.

ఇప్పుడు ఒక్కసారి 16,500 రూపాయలు కడితే ఏడాది పాటు దేశమంతా తిరగొచ్చు. 2010 మేకు ముందు ఇంత సులువు లేదు. సొంత రాష్ట్రంతో కలిపి కనీసం నాలుగు రాష్ట్రాలు ఎంచుకోవాలి, అవి ఒకదాన్నొకటి ఆనుకుని ఉండాలి, ఒక్కోదానికి ఏడాదికి 5,000 చొప్పున కట్టాలి. లారీ నుదుటి మీద ఆ రాష్ట్రాల పేర్లు వరసగా రాసుకునేవారు. చుట్టాల పేర్లన్నీ అచ్చేసిన శుభలేఖలా ఉండేది. రాయని రాష్ట్రం పిలవని పేరంటమే.

నిబంధనల పుస్తకం అంటే మనకు భయం గానీ, అందులోనూ అక్కడక్కడా మనిషి కనిపిస్తాడు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు నేషనల్ పర్మిట్ లారీకి ఎండుటాకు రంగు వేయాలన్నాయి, చుట్టూ తెల్లటి అంచుతో. గోధుమ రంగు అంటే సరిపోయేదానికి ఎండుటాకు అన్నారంటే, రాసినాయన కిటికీ బయట ఏ చెట్టుందో! అదే చోట ఇంకో మాట కూడా ఉండేది. లారీకి ఇద్దరు డ్రైవర్లు ఉండాలి, ఒకరు నడుపుతుంటే రెండోవారు కాళ్లు చాపుకొని పడుకునేందుకు వెనక సీటు ఉండాలి అని. 2018లో ఇద్దరు డ్రైవర్ల నియమం తీసేశారు. నిజానికి అంతకు ముందు కూడా ఆ రెండో డ్రైవరు చాలా లారీల్లో క్లీనరు కుర్రాడే. అయినా ఎవరో ఒక అధికారి బల్ల ముందు కూర్చుని, తానెన్నడూ చూడని డ్రైవరు నిద్ర గురించి ఆలోచించాడు కదా.

రాష్ట్రాలు దాటే బండ్లకు ఏటా కాగితం కావాలనడం మన దగ్గరే కాదు. అమెరికాలో సరుకులు మోసే కంపెనీలు కూడా ఏడాదికోసారి నమోదు చేసుకుని, ఉన్న బండ్లను బట్టి రుసుము కడతాయి. ఈ ఏర్పాటు కోసం కుదిరిన ఒప్పందంలో 41 రాష్ట్రాలు ఉన్నాయి. అక్కడ లారీలు నడిపే మనవాళ్లకూ ఏడాది చివర అదే హడావుడన్నమాట.

భద్రాచలం నుంచి ఉత్తరంగా సాగితే ఇంకో వింత. తెలంగాణలో తాగిన టీ రుచి నాలుక మీద ఉండగానే ఆంధ్రప్రదేశ్ వచ్చేస్తుంది. చింతూరు దాటి కాస్త పోతే శబరి ఒడ్డున కుంట, అది ఛత్తీస్‌గఢ్. ఒక్క పూటలో మూడు రాష్ట్రాలు. 2014 దాకా చింతూరుది ఖమ్మం జిల్లాయే. ఊరు అంగుళం కదల్లేదు, చిరునామా మాత్రం గోదావరి దాటి అప్పట్లో తూర్పు గోదావరికి వెళ్లింది. రాష్ట్రం రెండయ్యాక, నేషనల్ పర్మిట్ లేని చిన్న లారీ యజమానికి నిన్నటి పక్క ఊరు పొరుగు రాష్ట్రమైపోయింది. అక్కడికో లోడు వేయాలంటే ముందు తాత్కాలిక పర్మిట్ చూసుకోవాలి. మన వియ్యపురాలి ఇంటికి మనమే చీటీ పంపించి వెళ్లినట్టు.

హద్దులు మనం గీసుకున్నవి. చింతచెట్లకు అవి తెలియవు. ఇటు చింతూరు, అటు ఛత్తీస్‌గఢ్‌లో దోర్నపాల్ దాటాక చింతల్‌నార్. నార్ అంటే గోండిలో ఊరు. వింటే మన ఊరి పేరులాగే లేదూ? బస్తర్ అడవుల చింతపండుకు జగదల్‌పూర్ పేరున్న మార్కెట్. మన పులుసులో పడిన చింతపండు ఏ లారీలో, ఏ కాగితం మీద వచ్చిందో మనం ఎప్పుడూ అడగలేదు. మిరప కోతల కాలంలో ఆ అడవి పల్లెల జనం మన చేలకు వస్తారు. కూలి డబ్బులతో, కొందరు మిరపకాయల మూటలతో తిరిగి వెళ్తారు. ఆ రాకపోకలు పర్మిట్లకంటే పాతవి.

దోర్నపాల్‌లో పెద్ద రోడ్డు వదిలి ఎడమ చేతికి తిరిగితే, చింతల్‌నార్ మీదుగా సుమారు 56 కిలోమీటర్లకు జగర్గుండా వస్తుంది. ఒకప్పుడది సందడిగల సంత ఊరు. చింతపండు, ఇప్పపువ్వు కొనడానికి వర్తకులు వచ్చేవారు. ఊళ్లో గ్రామీణ బ్యాంకు కూడా ఉండేది. 2001లో ఆ బ్యాంకు మీద దాడి జరిగింది, మూతపడింది. మావోయిస్టులకు ఎదురుగా నిలబెట్టిన సల్వాజుడుం రోజులు వచ్చాక చుట్టుపక్కల పల్లెల వాళ్లను అక్కడికి చేర్చారు, ఊరి చుట్టూ ముళ్లకంచె వేశారు. దారులు తెగిపోయాయి.

అప్పుడు లారీలు రావడం మానేశాయి. చేతిలో అన్ని కాగితాలూ ఉన్నా, ఎఫ్‌సీ నిన్ననే చేయించినా, ఎంత కిరాయి ఇస్తామన్నా, ఆ దారిన పోవడానికి ఏ డ్రైవరుకు మనసొప్పుతుంది? ఇంటి దగ్గర పిల్లలు గుర్తుకు రారూ? అందుకే బియ్యం, ఉప్పు, నూనె, కిరోసిన్ అన్నీ ఏడాదికి ఒకటి రెండుసార్లు, వందల మంది జవాన్ల కాపలా మధ్య, వరసకట్టిన బండ్లలో వచ్చేవి. వానలు పడేలోగా రావాలి, లేకపోతే లేదు. జగర్గుండాకు రేషన్ బండ్లు చేరాయంటే అది పత్రికల్లో వార్త. మేమూ రాశాం.

మనకు ఏడాది అంటే ఉగాది పంచాంగం, పిల్లల కొత్త తరగతి. లారీ యజమానికి పర్మిట్ గడువు. ఆ కంచె లోపలి ఇల్లాలికి మాత్రం ఏడాది అంటే ఉప్పు డబ్బా అడుగు కనిపించే రోజుకూ బండ్ల చప్పుడు వినిపించే రోజుకూ మధ్య లెక్క. ఆ లెక్క ఏ దరఖాస్తులోనూ ఉండదు.

ఆ దారికి దగ్గరలోనే 2010 ఏప్రిల్‌లో తాడ్‌మెట్ల వద్ద మావోయిస్టుల దాడిలో 76 మంది జవాన్లు ప్రాణాలు విడిచారు. 2017 ఏప్రిల్‌లో బుర్కాపాల్ దగ్గర ఇంకో 25 మంది. రెండోవాళ్లు వెళ్లింది రోడ్డు వేసే కూలీలకు కాపలా కాయడానికి. ఆ రోడ్డు మీద పడిన ప్రతి గజం సిమెంటు వెనకా ఎవరింట్లోనో ఒక దండ వేసిన ఫొటో ఉంది. అటు అడవిలో పోయిన వాళ్లకూ అమ్మలున్నారు.

2019లో జగర్గుండా బడి 13 ఏళ్ల తర్వాత మళ్లీ తెరిచారు. బడి మూసిన నాడు పలక పట్టిన పిల్లలు అప్పటికే పెళ్లీడుకు వచ్చి ఉంటారు. 2025 మేలో ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు అక్కడ శాఖ తెరిచింది. బెంచీలు, ఇనప్పెట్టె, కుర్చీలు, జనరేటర్ ఇవన్నీ ఎవరో ఒక డ్రైవరు తోలుకెళ్లినవే అయ్యుంటాయి. అతని పేరు ప్రారంభోత్సవం శిలాఫలకం మీద ఉండదు. అతను కూడా అది ఆశించి ఉండడు, తిరుగు లోడు దొరుకుతుందా అని చూసుకుని ఉంటాడు.

ఇప్పుడు జగర్గుండాకు లారీ రావడం పత్రికలకు వార్త కాదు.