ఢిల్లీ లేఖ: పురిటిగదిలో బి.సి.జి. సూది

పార్లమెంటులో మాతాశిశు సంరక్షణ ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా రక్తహీనత, ఆసుపత్రి కాన్పులు, టీకాల శాతం, వీటి చుట్టూనే చర్చ తిరగడం నేను ఏళ్ళ తరబడి వింటున్నాను. అవి ముఖ్యం కావని ఎవరూ అనరు. కాని క్రోన్స్ వ్యాధి, అల్సరేటివ్ కోలైటిస్ అనే పేగుల వాపు వ్యాధులు దేశంలో పెరుగుతున్నవి. సంతానం కనవలసిన వయసులోని వారే వాటికి ఎక్కువగా గురి అవుతున్నారు. వారి ఊసు సభలో అరుదు.

గర్భిణి మందులు మానడమే క్షేమమని మన ఇళ్ళలో గట్టి నమ్మకం. ఈ వ్యాధిలో అది ప్రమాదకరం. వ్యాధి ప్రకోపించి ఉంటే గర్భస్రావం, నెలలు నిండని కాన్పు, బరువు తక్కువ బిడ్డ, ఈ ముప్పులన్నీ పెరుగుతాయి. మెథోట్రెక్సేట్‌ను మాత్రం గర్భధారణకు కొన్ని నెలల ముందే ఆపితీరాలి. మెసలమిన్, అజాథయోప్రిన్, ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ వంటివి వైద్యుని పర్యవేక్షణలో కొనసాగించవచ్చునని 2025 నాటి అంతర్జాతీయ నిపుణుల ప్రకటన సైతం చెబుతున్నది.

చిక్కు కాన్పు తర్వాత వస్తుంది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటి ఇంజెక్షన్ మందు చివరి మూడు నెలలలో మాయ గుండా శిశువుకు చేరి, పుట్టిన తర్వాత కూడా నెలల తరబడి రక్తంలో నిలిచి ఉంటుంది. బి.సి.జి. సజీవ క్రిములతో చేసిన టీకా. ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడిన ఒక తల్లి బిడ్డకు మూడవ నెలలో ఆ టీకా వేయగా, క్రిమి దేహమంతటా వ్యాపించి నాలుగున్నర నెలల వయసులో మరణించినట్లు 2010లో లండన్ వైద్యులు ప్రకటించారు. అట్టి శిశువులకు ఆరు నెలల వరకు బి.సి.జి. వద్దని నిపుణులంటున్నది అందుకే.

మన జాతీయ పట్టికలో బి.సి.జి. పుట్టిన వెంటనే వేయవలసిన టీకా. చికిత్స చేసిన నిపుణుడు ఢిల్లీలోనో హైదరాబాదులోనో ఉంటాడు. తొలి కాన్పు ఆచారం ప్రకారం పుట్టింటి ఊరిలో. అక్కడి నర్సమ్మ తన విధి తాను నిర్వర్తిస్తుంది. ఆమెను తప్పు పట్టలేము, ఆమెకు ఎవరూ చెప్పలేదు.

క్షయ ఇంతగా ఉన్న దేశంలో బి.సి.జి.ని మానమని ఎవరూ కోరరు. పుట్టినప్పుడు వేయలేకపోతే ఏడాది లోపు వేయవచ్చునని ఆ పట్టికే అనుమతిస్తున్నది. కనుక కొత్త చట్టం, కొత్త నిధులు అవసరం లేదు. ఆరోగ్యం రాష్ట్రాల అంశమే అయినా టీకాల పట్టిక తయారయ్యేది ఢిల్లీలో. ఇక్కడి నుండి ఒక స్పష్టమైన ఉత్తర్వు వెళితే చాలును. ఆలోగా పుట్టింటికి బయలుదేరే గర్భిణి తన మాతాశిశు రక్షణ కార్డు మీద ఇంజెక్షన్ పేరు, ఆఖరుసారి తీసుకున్న తేదీ వైద్యునిచేత రాయించుకోవాలి. పోలియో చుక్కల సంగతీ అప్పుడే అడిగి తెలుసుకోవాలి.