కుక్కకు బీమా: పెడిగ్రీ కాగితం ధర చెబుతుంది, ఆస్పత్రి బిల్లు చెప్పదు

నోయిడాలో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఎదురెదురు ఫ్లాట్లు అనుకుందాం. ఒక ఇంట్లో కెన్నెల్ క్లబ్ కాగితాలతో కొన్న లాబ్రడార్ ఉంది. ఎదురింట్లో ఉన్నది క్రాస్. ముఖం లాబ్రడార్‌ది, ఒళ్లు నాటు కుక్కది. గేటు దగ్గర తిరుగుతుంటే పిల్లలు పైకి తెచ్చుకున్నారు. రెండింటికీ బండి తగిలి కాలు విరిగిందంటే ఎక్స్‌రే ఒకటే, ఆపరేషన్ ఒకటే, లోపల వేసే ప్లేటూ ఒకటే. కుక్క తాత ఎవరని డాక్టర్ అడగరు. బీమా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ రెండూ ఒకటి కాకుండా పోతాయి.

క్రాస్ బ్రీడ్‌కు బీమా దొరకదని ఢిల్లీ చుట్టుపక్కల చాలామంది ఇంకా నమ్ముతున్నారు. అది నిజం కాదు. 2020 ఆగస్టులో బజాజ్ అలయన్జ్ తెచ్చిన పాలసీలోనే పెడిగ్రీ ఉన్నవి, లేనివి, క్రాస్, విదేశీ జాతులు అన్నీ ఉన్నాయి. తర్వాత మరికొన్ని ప్రైవేటు కంపెనీలు ఈ వ్యాపారంలోకి వచ్చాయి. తలుపు తెరిచే ఉంది. తేడా అంతా లోపల లెక్క కట్టే తీరులో ఉంది.

గేదె లెక్క కుక్కకు

ఆ లెక్క ఎక్కడిదో ఊళ్లో పాడి పశువుకు బీమా చేయించినవారికి చెప్పనక్కర్లేదు. నాటు, సంకరజాతి, విదేశీ అనే మూడు గడులు, చెవిపోగు, మార్కెట్ ధరను బట్టి బీమా మొత్తం. పశువు చనిపోతే చెవిపోగు చూపించాలి, లేదంటే క్లెయిమ్ లేదు. ప్రభుత్వ రంగ కంపెనీల పాత కుక్కల పాలసీలు ఇదే పోలికతో ఉంటాయి. గేదె విషయంలో ఈ లెక్కలో తప్పేమీ లేదు. గేదె పోతే రైతు నష్టపోయేది దాని ధర, అది ఇచ్చే పాలు. కుక్కను పెంచుకునే వాళ్ల నష్టం అలా ఉండదు. కుక్క పోవడం వల్ల కాదు, దాన్ని బతికించుకోవడానికే వాళ్ల జేబు ఖాళీ అవుతుంది.

కొత్త పాలసీల్లో ఈ రెండు లెక్కలూ కలిసి ఉంటాయి. ఆపరేషన్, ఆస్పత్రి ఖర్చు ఒక భాగం. మరణం, దొంగతనం, తప్పిపోవడం ఇంకో భాగం. ఎవరినైనా కరిస్తే వచ్చే థర్డ్ పార్టీ బాధ్యత మరొకటి. పెడిగ్రీ కాగితానికి, కొన్న బిల్లుకు గట్టి విలువ ఉండేది రెండో భాగంలోనే. చెన్నై కేంద్రంగా పనిచేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా సర్టిఫికెట్ ఉంటే కుక్క ఇంత ఖరీదు చేస్తుందని నిరూపించడం తేలిక. ఊరికే వచ్చిన క్రాస్‌కు మార్కెట్ ధర ఏముంటుంది? అందుకే క్రాస్ పెంచేవాళ్లు ఆ రెండో భాగానికి డబ్బు కట్టే ముందు ఒకసారి ఆలోచించుకోవాలి. ఆస్పత్రి ఖర్చు, థర్డ్ పార్టీ మాత్రం వదులుకోకూడదన్నది నా అభిప్రాయం.

చాలామంది గమనించనిది వయసు. బజాజ్ పాలసీలో చేరడానికి గ్రేట్ డేన్ లాంటి భారీ జాతులకు గరిష్ఠ వయసు 4 ఏళ్లు, మిగిలినవాటికి 7 ఏళ్లు. అంటే అక్కడ జాతి పేరు కంటే సైజు ముఖ్యం. కాగితాలున్న కుక్కకు పుట్టిన తేదీ ఉంటుంది. వీధి నుంచి వచ్చినదానికి పళ్లు చూసి డాక్టర్ వేసిన అంచనాయే ఆధారం. ఆ అంచనాను తొలి టీకా రోజునే కార్డు మీద రాయించుకుంటే తర్వాత వాదన ఉండదు.

క్రాస్ అంటే గట్టిదేనా?

బ్రిటన్‌లో క్రాస్ బ్రీడ్‌కు ప్రీమియం సాధారణంగా తక్కువ. క్రాస్‌కు జబ్బులు తక్కువన్న నమ్మకం మన దగ్గరా ఉంది. అది సగమే నిజం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు 2013లో వెలువరించిన అధ్యయనంలో 24 వంశపారంపర్య జబ్బులను పరిశీలించారు. 10 జబ్బులు శుద్ధ జాతుల్లో ఎక్కువగా కనిపించాయి. 13 జబ్బుల్లో తేడా లేదు. మోకాలి లిగమెంట్ తెగడం అనే ఒక్కటి మిశ్రమ జాతుల్లోనే ఎక్కువ. లాబ్రడూడుల్, కాకాపూ లాంటి ఫ్యాషన్ క్రాస్‌లపై లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీ 2024లో చేసిన అధ్యయనంలో, జబ్బుల విషయంలో వాటిని తల్లిదండ్రుల జాతులతో పోల్చినప్పుడు 86.6 శాతం పోలికల్లో తేడా కనిపించలేదు. గురుగ్రామ్‌లో ఎవరైనా ‘డిజైనర్ క్రాస్’ అని చెప్పి ఎక్కువ ధర అడిగితే ఈ అంకె గుర్తుంచుకోండి.

పెడిగ్రీకి మరో చిక్కు ఉంది. చాలా పాలసీల్లో పుట్టుకతో వచ్చిన లోపాలు, వంశపారంపర్య జబ్బులు మినహాయింపుల జాబితాలో ఉంటాయి. జర్మన్ షెపర్డ్‌కు తుంటి కీలు అరిగినా, పగ్‌కు ఢిల్లీ జూన్ ఎండలో ఊపిరాడకపోయినా కంపెనీ ఆ మినహాయింపును చూపించవచ్చు. ధర నిరూపించిన కాగితమే అక్కడ జాతి లోపాన్నీ నిరూపిస్తుంది.

కరిచినప్పుడు మొదటి ప్రశ్న

ఢిల్లీ ఎన్‌సీఆర్‌లో 2022 తర్వాత థర్డ్ పార్టీ బీమాకు విలువ పెరిగింది. ఆ ఏడాది ఘాజియాబాద్ నగరపాలిక పిట్‌బుల్, రాట్‌వీలర్, డోగో అర్జెంటీనో జాతులను పెంచుకోవడాన్ని నిషేధించింది. పెంపుడు కుక్క ఎవరినైనా గాయపరిస్తే యజమానికి రూ.10,000 జరిమానా, చికిత్స ఖర్చు అదనం అని నోయిడా అథారిటీ నిర్ణయించింది. బీమా చికిత్స ఖర్చును, పరిహారాన్ని మోయవచ్చు కానీ జరిమానా మాత్రం మామూలుగా యజమాని జేబులోంచే పోతుంది.

అదే ఏడాది గురుగ్రామ్‌లో ఇళ్లలో పనిచేసే ఒక మహిళపై పెంపుడు కుక్క దాడి చేసిన కేసులో, ఆమెకు రూ.2 లక్షల మధ్యంతర పరిహారం ఇవ్వాలని వినియోగదారుల ఫోరం నగరపాలికను ఆదేశించింది. కావాలంటే ఆ మొత్తాన్ని యజమాని నుంచి రాబట్టుకోవచ్చని చెప్పింది. ఆ కుక్క మొదట కేసులో పిట్‌బుల్‌గా నమోదైంది, అది డోగో అర్జెంటీనో అని తర్వాత తేలింది. శుద్ధ జాతి విషయంలోనే ఇంత తికమక ఉంటే క్రాస్ సంగతి ఏం చెప్పాలి? 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ ప్రమాదకరమంటూ 23 రకాల కుక్కలను నిషేధించాలని రాష్ట్రాలకు రాసిన లేఖలో ‘మిశ్రమ, క్రాస్ జాతులు సహా’ అని ఉంది. సంబంధిత వర్గాలతో సంప్రదించలేదంటూ కర్ణాటక హైకోర్టు ఏప్రిల్ 10న దాన్ని కొట్టివేసింది. అయినా ముఖం చూసి ‘ఇది పిట్‌బుల్ క్రాస్’ అనే అలవాటు సొసైటీల వాట్సాప్ గ్రూపుల్లో కొనసాగుతోంది.

బీమా ఫారంలో అలాంటి ఊహ రాస్తే అది మీ వాంగ్మూలం అవుతుంది. లాబ్రడార్ అని గొప్పగా రాసి, తర్వాత డాక్టర్ రిపోర్టులో క్రాస్ అని వస్తే తప్పుడు సమాచారం ఇచ్చారని క్లెయిమ్ తిరస్కరించడానికి కంపెనీకి దారి దొరుకుతుంది. తెలియనప్పుడు ‘క్రాస్, తల్లిదండ్రుల జాతి తెలియదు’ అని రాయడమే క్షేమం. పెడిగ్రీ లేనంత మాత్రాన కుక్కకు గుర్తింపు లేకుండా పోదు. మైక్రోచిప్ ఉంటే చాలు, బజాజ్ అయితే దానికి 5 శాతం తగ్గింపు కూడా ప్రకటించింది. టీకా కార్డు, ఢిల్లీలోనైతే మున్సిపల్ కార్పొరేషన్ చట్టం కింద తప్పనిసరైన రిజిస్ట్రేషన్ కూడా దానికి తోడవుతాయి. క్లెయిమ్ అన్యాయంగా తిరస్కరించారనిపిస్తే ముందు కంపెనీకి రాసి, తర్వాత ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. అక్కడ ఫీజు లేదు.

ఇది కొద్దిమంది సమస్య కాదు. ఢిల్లీ ఎన్‌సీఆర్ వీధి కుక్కలపై 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు సవరించిన ఆదేశాల్లో జంతు ప్రేమికులు వాటిని దత్తత తీసుకోవడానికి కార్పొరేషన్‌కు దరఖాస్తు చేసుకోవచ్చని ఉంది. అలా తీసుకున్న కుక్క మళ్లీ వీధికి చేరకుండా చూసే బాధ్యత కూడా దరఖాస్తుదారుడిదేనని కోర్టు చెప్పింది. ఆ దారిలో ఇళ్లలోకి వచ్చే ప్రతి కుక్కా బీమా ఫారంలో జాతి, పుట్టిన తేదీ, కొన్న ధర అనే మూడు గడులూ ఖాళీగానే వస్తుంది.